మొదటి గడి

ఆదివారం కొల్లేటికోటలో అక్క మనవరాలి అన్నప్రాశన. జ్ఞానప్రసూనాంబ సంచి సర్దేసింది. ఈలోగా గురువారం పొద్దున్నే ఏలూరు వెళ్లి, ఇద్దరికీ గుండె, షుగర్, రక్తం పరీక్షలు చేయించుకు వచ్చేద్దామన్నాడు భర్త చలపతిరావు.

ఆయన ముదినేపల్లి మండల ఆఫీసులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేశాడు. ఫారం కనబడితే చెయ్యి ఆగదు. ల్యాబులో రెండు ఫారాలూ ఆయనే నింపాడు.

"ఏవండీ, కళ్లజోడు పెట్టుకోండి."

"ఫారానికి కళ్లజోడెందుకే? గడులు చేతికే తెలుసు."

సాయంత్రం ఫోనుకి రిపోర్టులొచ్చాయి. ఇద్దరికీ హిమోగ్లోబిన్ పన్నెండున్నర. ఆమె అంకె పక్కన మాత్రం ఎర్రగా 'తక్కువ' అని ఉంది.

"అంకె ఒకటే కదండీ?"

"మగాళ్లకో లెక్క, ఆడాళ్లకో లెక్క. నీ లెక్కలో తగ్గింది."

రాత్రికల్లా బీట్‌రూట్ రసం, మునగాకు పప్పు వచ్చాయి. కొల్లేటికోట ప్రయాణం పోయింది. "మా చెల్లెలికి రక్తం తక్కువట" అని అక్క సీతాలక్ష్మి కొల్లేటికోటలో చెప్పింది. ఊరు చివరికి చేరేసరికి అది 'రక్తం ఎక్కించాలట' అయింది. శనివారం పొద్దున వీళ్లింటి ముందు వ్యానులో పదకొండు మంది దిగారు. అందులో నలుగురు రక్తమివ్వడానికి వచ్చినవాళ్లు.

"ఏ హాస్పిటలండీ, మరిదిగారూ?"

"ముందు డాక్టరు గారికి చూపిద్దాం, వదినగారూ."

వ్యాను ఏలూరు వెళ్లింది. డాక్టరు సత్యవేణి రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టింది.

"చలపతిరావు గారంటే ఎవరండీ?"

"నేనేనండీ."

"ఇందులో మీరు స్త్రీ అని ఉందండీ. ఆవిడ పురుషుడు."

గుమ్మంలో పదకొండు మందీ ఆయన్నే చూశారు. 

"మా ఆఫీసులో మొదటి గడి ఎప్పుడూ పురుషుడేనండీ."

"ల్యాబు ఫారంలో మొదటి గడి స్త్రీ అండీ. ఆడవాళ్లకి పన్నెండు దాటితే చాలు, ఆవిడ బానే ఉన్నారు. మగవాళ్లకి పదమూడుండాలి. తగ్గింది మీకు. ఈ వయసులో ఎందుకు తగ్గిందో తేల్చాలి, లేకపోతే గుండెకి భారం. సోమవారం మళ్లీ పరీక్షలకి రండి."

ఆదివారం జ్ఞానప్రసూనాంబ బీట్‌రూట్ రసం గ్లాసు ఆయన ముందు పెట్టి, అన్నప్రాశనకి సర్దిన సంచి అందుకుంది.

"పొద్దునా సాయంత్రమూ తాగాలండీ. మీరు చెప్పిందే."

సోమవారం పరీక్షల ఫారం అప్పటికే ఆమె నింపి బల్ల మీద పెట్టింది. గడుల జోలికి పోలేదు. పక్కన 'మగవారే' అని అక్షరాల్లో రాసింది.