ఆదివారం బ్యాచ్

గుడియాత్తం చౌడప్ప మేస్త్రికి వారంలో ఆరు రోజులు మంచివే. ఆ ఆరు రోజులూ ఇళ్ళు కట్టే చోట గొడుగు పట్టుకుని నిలబడి, ఏ ఇటుక ఎక్కడ పెట్టాలో ఆ గొడుగు మొనతోనే చూపించేవాడు. తాపీ చేత పట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. అందుకే ఊళ్ళో ఆయనను గొడుగు మేస్త్రి అనేవారు. చిక్కల్లా ఏడో రోజుతోనే.

ఆదివారం తెల్లవారితే భార్య ఇందుమతి స్కూటరు వెనక ఎక్కి కూర్చుని, ఒడుగత్తూరులో తన పుట్టింటికి పదమనేది. ఆమె తండ్రి చెంగల్రాయలుకు కొండ కింద భూములున్నాయి. అల్లుడంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రేమ కాఫీతో మొదలై పారతో ముగిసేది. లోటా ఇంకా చేతిలో ఉండగానే, ఊరికే అట్లా కాలవ దాకా పోయొస్తాం రమ్మని పిలిచేవాడు. ఆ కాలవకు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట గండి పడి ఉండేది. గండి పక్కనే పార ఉండేది. మామగారు గట్టు మీద కూర్చుని వానల సంగతి మాట్లాడేవాడు.

తప్పించుకోవడానికి చౌడప్ప చెయ్యని ప్రయత్నం లేదు. నడుం నొప్పి అంటే, అత్తగారు సరస్వతమ్మ ఆముదం పట్టించి వేడి ఇటుకతో కాపడం పెట్టింది. ఆ కాపడం కన్నా కాలవే నయమనిపించింది. ఇంకోసారి లత్తేరిలో పెదనాన్న పోయాడని చెప్పాడు. అది బాగా పనిచేసింది. కొన్నాళ్ళకు మర్చిపోయి మళ్ళీ ఆయననే చంపాడు.

"ఆయన పోయినసారి పొయ్యినప్పుడే పెద్ద దినం కూడా అయిపొయ్యింది గదా," అంది ఇందుమతి. "మళ్ళీ ఎప్పుడొచ్చినాడు?"

చౌడప్ప స్కూటరు తీశాడు.

ఆ రోజుల్లో దేశంలోకి అన్నీ కొత్తగా వస్తున్నాయి. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, వాయిదాల మీద బట్టలుతికే మిషను వచ్చింది. వేలూరుకు హెల్త్ క్లబ్బు వచ్చింది. సత్తువాచారిలో ఒక మేడ మీద 'భీమసేన హెల్త్ సెంటర్' అని బోర్డు కట్టి, కండలు తిరిగిన మనిషి బొమ్మ వేయించారు. బొమ్మలో మనిషి నవ్వుతున్నాడు గానీ నొప్పి పుట్టినవాడి నవ్వులా ఉంది.

ఆ పక్కనే కలెక్టరాఫీసులో ఏదో బిల్లు పని చూసుకుని చౌడప్ప టీ తాగుతుంటే, మెళ్ళో టై, నడుముకు పేజరు పెట్టుకున్న కుర్రవాడొకడు వచ్చి, ముఖం వైపు చూడకుండా నేరుగా పొట్టకు నమస్కారం పెట్టాడు. పేరు సురేంద్రన్, భీమసేన హెల్త్ సెంటర్ మనిషినన్నాడు. ఆ పేజరు మోగగా విన్నవాళ్ళు లేరు. అతను మాత్రం మాటకొకసారి దాన్ని చూసుకునేవాడు.

చౌడప్ప టీ సగంలో వదిలేసి నడిచాడు. సురేంద్రన్ పక్కనే నడిచాడు. చౌడప్ప బస్సెక్కాడు. సురేంద్రన్ కూడా ఎక్కి, పక్క సీట్లో కూర్చుని, గుండె, కాలేయం, మోకాళ్ళు ఒక్కొక్కటీ ఎట్లా చెడిపోతాయో వరసగా వివరించాడు. కండక్టరు కూడా నిలబడి విన్నాడు. ఇక వదిలించుకోవడానికి చౌడప్ప, తనకు తీరికుండేది ఆదివారం ఒక్కటేననీ, ఆ రోజు మీకు సెలవుంటుంది గదా అనీ అన్నాడు.

"సెలవా సార్? మాకు సండే స్పెషల్ బ్యాచ్ ఉండాది. పొద్దున్నించి సాయంత్రం దాకా."

పొద్దున్నించి సాయంత్రం దాకా అన్న మాటను చౌడప్ప తనలో తాను ఒకసారి అనుకున్నాడు. తర్వాత లేచి బస్సు దిగాడు. దిగినవాడు సత్తువాచారికి వెనక్కొచ్చి, నేరుగా మేడెక్కి ఏడాది మెంబర్‌షిప్ కట్టేశాడు. పనిలో పనిగా సురేంద్రన్ ఒక బనియనూ, తెల్ల బూట్లూ, కండలు పెరిగే పొడి డబ్బా కూడా అంటగట్టాడు.

ఇంటికొచ్చి ఇందుమతికి చెప్పాడు.

"ఆదివారం నించి నేను వేలూరికి పోవాల. ఎక్సర్‌సైజు. డాక్టరు చెప్పినాడు."

"ఏ డాక్టరు?"

"పెద్ద డాక్టరు."

"ఏం చెప్పినాడు?"

"బాగా చెమట పట్టాల అన్నాడు."

"మా నాయన దగ్గర పట్టదా?"

"అది మట్టి చెమట ఇందూ. ఇది మిషను చెమట. రెండూ వేరే."

ఇందుమతి ఆయన పొట్ట వైపు చూసింది, బూట్ల వైపు చూసింది. ఆరోగ్యం కన్నా ఏముండాది, పోయిరమ్మంది. ఇంత సులువుగా ఒప్పుకోవడం చౌడప్పకు కాస్త అనుమానంగానే అనిపించింది. కానీ సులువుగా దొరికినదాన్ని తిప్పి చూసే అలవాటు ఆయనకు లేదు.

మొదటి ఆదివారం బనియను వేసుకుని మేడెక్కాడు. నడిచే మిషనుకు మోటారు పోయింది. దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. సైకిలుకు ఒకటే పెడలు. డంబెల్ జతలో ఒకటి, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. మాస్టరు ఆరుముగం బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నాడు. ఏమి చెయ్యాలని అడిగితే పేపరు దించకుండానే, సురేంద్రన్ వస్తాడు, అడగమన్నాడు. సురేంద్రన్ రాలేదు. డబ్బు కట్టేదాకా బస్సులో పక్క సీటులో కూర్చున్నవాడు, కట్టాక ఆ వీధిలోనే కనబడలేదు.

బాలచంద్రన్ అనే బ్యాంకు ఆఫీసరు, ఆయనా మెంబరే, తనను మోసం చేశారని అప్పుడే గొంతు చించుకుంటున్నాడు. మోటారు ఎప్పుడు వస్తుందని అడిగాడు. మద్రాసు నుంచి వస్తోందన్నారు. ఎప్పుడు బయల్దేరిందని అడిగాడు. అది సురేంద్రన్‌ను అడగమన్నారు.

చౌడప్పకు మాత్రం ఆ ఏర్పాటు చాలా నచ్చింది. ఫ్యాను కింద పొట్ట వ్యాయామం చేసే బల్ల ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఎవ్వరూ లేపలేదు. లేచి కిందికి దిగి, పరోటా కురమా తిని, కుళాయి కింద తలా బనియనూ తడుపుకుని గుడియాత్తం బస్సెక్కాడు. ఇంట్లో ఇందుమతి తడి బనియను ఆరేస్తూ, బాగా పట్టిందే చెమట అంది.

ఆ హెల్త్ సెంటర్ చరిత్రలో సేవల గురించి తృప్తి పడిన మెంబరు చౌడప్ప ఒక్కడే. తక్కినవాళ్ళందరూ మాస్టరుతో పోట్లాడుతుంటే, కాస్త మెల్లగా మాట్లాడుకోండప్పా అని బల్ల మీద నుంచి చెప్పేవాడు. అట్లా కొన్ని ఆదివారాలు సుఖంగా గడిచాయి. ఇందుమతి ఒక్కతే బస్సులో పుట్టింటికి పోయి వచ్చేది.

సుఖపడే మనిషిని అంతటితో వదిలేసినా బాగుండేది. కానీ సురేంద్రన్ ఊరుకోలేదు. ఒకనాడు గుడియాత్తంలో గోడ కడుతున్న చోటికే వచ్చి, మేడంగారికి కూడా మెంబర్‌షిప్ తీసుకోమని పట్టుకున్నాడు. ఫ్యామిలీ ప్యాకేజీ అన్నాడు. గోడకు కట్టిన సారువ కర్రల కింద నిలబడి, పైనుంచి సున్నం మీద పడుతున్నా కదల్లేదు. ఇందుమతి హెల్త్ సెంటరుకు రావడమనే మాట వింటేనే చౌడప్పకు నిజం చెమట పట్టింది. వీణ్ణి ఎంత దూరం పంపితే అంత మేలనుకుని, మా మామ దగ్గరికి పొమ్మని ఒడుగత్తూరు విలాసం చెప్పాడు. చెంగల్రాయలు అంగీ జేబులో చెయ్యి పెట్టాడంటే అక్కడ దురద పెట్టి ఉండాలి, అంతే గానీ డబ్బు తియ్యడానికి కాదు. సురేంద్రన్ అక్కడ మాట్లాడీ మాట్లాడీ అలసిపోయి, ఆ కొండల్లోనే కలిసిపోతాడని చౌడప్ప లెక్క.

సురేంద్రన్ నిజంగానే అలసిపోయాడు. గట్టు మీద కూర్చున్న చెంగల్రాయలుకు గుండె, కాలేయం, మోకాళ్ళు అన్నీ చెప్పాడు. చెంగల్రాయలు విని, నా అల్లుడు అక్కడ ఏం చేస్తా ఉండాడని అడిగాడు. ఆదివారం తప్పకుండా వస్తారని సురేంద్రన్ చెప్పాడు. అంతవరకూ అంతా బాగానే ఉంది. చివర్లో, పోయే ముందు, అలవాటు కొద్దీ ఒక మాట జారాడు. మెంబరు బంధువులందరికీ ఒక రోజు ఉచితం అన్నాడు.

ఉచితమంటే ఎంతమందికని చెంగల్రాయలు అడిగాడు. ఎంతమందైనా సరే అన్నాడు సురేంద్రన్.

ఆ వచ్చే ఆదివారం హెల్త్ సెంటర్ ముందు ట్రాక్టరు ఆగింది. వెనక తొట్టి నిండా ఒడుగత్తూరు బంధువులున్నారు. సరస్వతమ్మ పులిహోర గంగాళంతో సహా వచ్చింది. ఇందుమతి ముందు కూర్చుని దారి చూపించింది.

అందరూ మేడెక్కారు. ఉచితం కాబట్టి అందరూ అన్నీ ముట్టుకున్నారు. ఒక పెద్దాయన నడిచే మిషను మీద తువ్వాళ్ళు తీసి నిలబడి, అది తనంతట కదులుతుందని ఓపిగ్గా ఎదురు చూశాడు. ఇద్దరు మేనత్తలు ఒకే సైకిలు మీద కూర్చోవాలని చూశారు. చెంగల్రాయలు గోడకున్న కప్పీ, తాడూ చూసి సంతోషించాడు. బావి దగ్గర తోడినట్టే కాలు తన్నిపెట్టి ఒక్క లాగు లాగాడు. కప్పీ, తాడు, గోడ పెచ్చు అన్నీ కలిసి కింద పడ్డాయి.

ఆ చప్పుడుకు ఫ్యాను కింద బల్ల మీద చౌడప్ప మేలుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి పైన మామగారి మీసాలు, వాటి పక్కన భార్య ముఖం ఉన్నాయి. కల అనుకుని మళ్ళీ మూసుకున్నాడు.

ఇందుమతి ఆయనను ఏమీ అడగలేదు. ఆరుముగం వైపు తిరిగి, ఈయన ఇక్కడ ఏమి ఎక్సర్‌సైజు చేస్తారని అడిగింది. ఆరుముగం మొదటిసారి పేపరు కింద పెట్టాడు.

"ఏమీ చెయ్యరమ్మా. పడుకుంటారు. కానీ చెప్పకూడదు, చానా బాగా పడుకుంటారు. ఎవురికీ ఇబ్బంది పెట్టరు."

సరస్వతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెంగల్రాయలు చేతిలో తెగిన తాడు పట్టుకుని, అల్లుడి కోసం ఎదురు చూసీ చూసీ కాలవ గండి తానే పూడ్చుకున్న సంగతి నిదానంగా చెప్పాడు. చౌడప్ప లేచి కూర్చుని బూట్ల లేసులు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు.

గోడ పెచ్చు ఊడిపడిన సంగతి తెలిసి సురేంద్రన్ పరుగున వచ్చాడు. డబ్బు వెనక్కి ఇమ్మంది ఇందుమతి. వెనకాల బాలచంద్రన్ కూడా అదే అన్నాడు.

"రిటన్ ఇచ్చేది రూల్సులో లేదు మేడం."

"ఎక్సర్‌సైజు ఉండాదా రూల్సులో?"

"అది ఉండాది మేడం."

"అయితే అది ఇప్పించు."

సురేంద్రన్ నడిచే మిషను వైపు చూశాడు, ఒంటి పెడలు సైకిలు వైపు చూశాడు, గోడలో పడ్డ గుంట వైపు చూశాడు. మద్రాసు నుంచి మోటారు వస్తా ఉండాదన్నాడు, కానీ ఆ మాట మీద అతనికే నమ్మకం లేనట్టు గొంతు తగ్గింది.

"చూడు నాయనా," అంది ఇందుమతి. "మీకు మిషన్లు లేవు. మా నాయనకు కూలోళ్ళు దొరకడం లేదు. శెనక్కాయ పీకల్ల, మూటలు మొయ్యల్ల, నీళ్ళు కట్టల్ల. మీ బ్యాచ్‌ను ఆదివారం ఆదివారం ఆడికి తీసుకురా. గాలి మంచిది. కరెంటు పోయినా బాధ లేదు."

సురేంద్రన్ పేజరు వైపు చూశాడు. తల ఎత్తేసరికి అతని ముఖంలో వెలుగు వచ్చింది. "అవుట్‌డోర్ బ్యాచ్" అన్నాడు, మెల్లగా, నోట్లో పెట్టుకుని రుచి చూస్తున్నట్టు. బాలచంద్రన్, ఏదో ఒకటి జరిగితే చాలన్నాడు. చెంగల్రాయలు మాత్రం, వచ్చేవాళ్ళు కూడు వాళ్ళే తెచ్చుకోవాలని షరతు పెట్టాడు.

చౌడప్ప అడ్డం చెప్పబోయాడు. అప్పటికే ఎవరో పులిహోర ఆకు చేతిలో పెట్టారు. నోరు నిండా పులిహోరతో చెప్పిన మాటను ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం వేలూరు నుంచి వ్యాను నిండా మెంబర్లు ఒడుగత్తూరు వచ్చారు. అందరూ ఒకే రంగు బనియన్లు. ఆరుముగం మెళ్ళో విజిలు వేసుకున్నాడు. నాలుగు గోడల మధ్య పేపరు వెనక బతికిన మనిషికి బయట గాలి తగిలి ఉత్సాహం పుట్టింది. శెనక్కాయ చాలు పొడుగునా నడుస్తూ, వంగు, పీకు, విదిలించు, లే అని అరుస్తున్నాడు. బాలచంద్రన్ తన జీవితంలో ఇంత మంచి సర్వీసు చూడలేదని, మట్టి ముఖంతో అందరికీ చెప్పాడు.

అల్లుడుగా వచ్చిన రోజుల్లో చౌడప్పకు కాఫీకి ఒకసారి, మజ్జిగకు ఒకసారి, ఊరికే ఒకసారి గట్టెక్కే వీలుండేది. మెంబరుకు అట్లాంటివి లేవు. నడుం ఎత్తితే విజిలు మోగుతుంది. ఆయన మెల్లగా పక్క చాలులో శెనక్కాయలు ఏరుతున్న భార్య దగ్గరికి జరిగాడు.

"ఇందూ, నేను ఊరికే అల్లుడుగానే వస్తా గదా. ఈ మెంబరు యవ్వారం నాకొద్దు."

"నాకేం తెలుసు. సురేంద్రన్‌ను అడుగు," అంది ఇందుమతి, తల ఎత్తకుండా.

సురేంద్రన్ గట్టు మీద టై సడలించుకుని కూర్చుని, ఒడుగత్తూరు బ్యాచ్‌కు కొత్త మెంబర్లను ఎట్లా పట్టాలో ఆలోచిస్తున్నాడు. చౌడప్ప వెళ్ళి, తన మెంబర్‌షిప్ ఏడాది ఎప్పటికి ముగుస్తుందని కాస్త గౌరవంగానే అడిగాడు. ముగిశాక తనను మళ్ళీ అడగొద్దని కూడా చెప్పాడు.

"ఇంక అడిగే పనే లేదు సార్," అన్నాడు సురేంద్రన్. "మీ మామగారు పొద్దున్నే మీ పేరు మీద లైఫ్ మెంబర్‌షిప్ కట్టేసినారు. అల్లుడికి పెండ్లప్పుడు ఏమీ పెట్టలేదంట, ఆ బాధ మనసులో ఉండిపొయ్యిందంట."

చౌడప్ప మామగారి వైపు చూశాడు. చెంగల్రాయలు గట్టు చివర కూర్చుని, ఇవ్వడం అలవాటు లేని మనిషి ఇచ్చినప్పుడు పడే సిగ్గుతో వేరే వైపు చూస్తున్నాడు. సరస్వతమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఏదో ఒకటి అనక తప్పదు. చౌడప్ప మట్టి చేతులు రెండూ జోడించి, చానా సంతోషం మామా అన్నాడు.

వెనక విజిలు మోగింది.