దిబ్బ మీద తువ్వాలు

ఆ సోమవారం ఉదయం సంజయ్ చెయ్యదలచుకున్న పనులు రెండే. ఒకటి, ఎప్పటిలాగే కాశీబుగ్గలో తన గది తలుపు తీసి, ఊడ్చుకుని, రాని రోగుల కోసం కూర్చోవడం. రెండు, మధ్యాహ్నం లోపల ఎస్టీడీ బూతుకి వెళ్ళి, విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రికి ఫోను చేసి, ఉద్యోగంలో చేరతానని చెప్పెయ్యడం. రెండో పని గురించి భార్య రెబెక్కాతో మాట్లాడే ఉన్నాడు. ఆమె వద్దనలేదు, సరేననీ అనలేదు. మధ్యాహ్నం దాకా టైముంది కదా అని మాత్రం అని, పిల్లలకు పాఠం చెప్పడానికి మిషను బడికి వెళ్ళిపోయింది.

సంజయ్ ఫిజియోథెరపిస్టు. రెండువేల మూడో సంవత్సరంలో ఆ ముక్కని బోర్డు మీదికి ఎక్కించడానికే పెయింటరు ఆయాసపడ్డాడు, ఇక జనానికి ఎక్కేదెలా? నడుం నొప్పని వచ్చినవాళ్ళు చొక్కా చెయ్యి మడిచి సూదికి సిద్ధంగా కూర్చునేవారు. సూది లేదు, వ్యాయామం చెయ్యాలి అనేసరికి వాళ్ళ ముఖాలు వాడిపోయేవి. పోనీ మందుచీటీ అయినా రాయమనేవారు. రాయడానికి ఇతని దగ్గర మందుంటే కదా. "సూదీ నేదు, సీటీ నేదు, ఈయనేటి డాక్టరు?" అని మెట్లు దిగుతూ, పైకి వినబడేలాగే అనుకునేవారు. జీడిపప్పు పనిలో పొద్దస్తమానం వంగి కూర్చుని మెడలు పట్టేసిన ఆడవాళ్ళు కూడా, మెడ అటు తిప్పు ఇటు తిప్పు అని చెప్పడానికి డాక్టరెందుకని తేల్చేశారు.

చెప్పింది చెప్పినట్టు చేస్తానని మాటిచ్చి వెళ్ళిన రోగి ఒక్కడే. అక్కుపల్లి బంగారయ్య.

బంగారయ్య సంగతి కొంచెం చెప్పుకోవాలి. వాళ్ళ ఊళ్ళో పెద్దవల వేసేటప్పుడు ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఒక మనిషి నిలబడతాడు. పడవలో ఉన్నవాడికి చుట్టూ నీళ్ళే కనబడతాయి. చేపల మంద ఎటు పోతోందో దిబ్బ మీది మనిషి నీటి రంగు చూసి పసిగడతాడు. అతను తువ్వాలు ఉత్తరానికి ఊపితే పడవలు ఉత్తరానికి, దక్షిణానికి ఊపితే దక్షిణానికి. తల మీద గిర్రున తిప్పాడంటే వల దింపెయ్యమని. ఆ తువ్వాలుకి ఎదురాడిన పడవ ఇంతవరకూ లేదు. ఏళ్ళ తరబడి ఆ దిబ్బ బంగారయ్యదే. అలాంటిది, ఆ చలికాలంలో అతని కుడిభుజం పట్టేసి, చెయ్యి రొమ్ము దాటి లేవడం మానేసింది. మూడు వలలకీ, మూడు పడవలకీ యజమానురాలైన దాలమ్మ, దిబ్బని బంగారయ్య మేనల్లుడు యువరాజుకి అప్పగించింది. "నీ సెయ్యి లెగిసిన్నాడు నీ దిబ్బ నీకే, అన్నా" అని ఒక మాట కూడా ఇచ్చింది. ఆ మాట పట్టుకునే బంగారయ్య కాశీబుగ్గ వచ్చాడు. దిబ్బ పోతే అతనికి ఇక మిగిలేది, వాకిట్లో ఎండుచేపల మీద కాకుల్ని తోలుకోవడమే.

సంజయ్‌ది జలంత్రకోట. కొబ్బరితోటల్లో పెరిగినవాడు. దిబ్బ మీద పనంటే కాపలా పని కాబోలు అనుకుని, వివరం అడగలేదు. ఏ పరికరం చెప్పినా కొనరు కనక తువ్వాలుతో వ్యాయామం నేర్పాడు. చెయ్యి మెల్లగా పైకెత్తి, తువ్వాలు ఒక పక్కకి ఊపాలి, తర్వాత రెండో పక్కకి, ఆ తర్వాత సున్నా చుట్టినట్టు తిప్పాలి. కళ్ళు మూసుకుని, మనసు భుజం మీద పెట్టాలి. ఇంట్లో ఇరుకైతే ఆరుబయట, గాలి బాగా తగిలే చోట చేసుకోమని కూడా చెప్పాడు. ఈ చివరి ముక్క చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో.

ఆ తర్వాత బంగారయ్య కూడా రావడం మానేశాడు. ఒక్క మనిషి చెయ్యైనా లేపలేని వైద్యం ఈ ఊళ్ళో ఎందుకని సంజయ్‌కి దిగులు పట్టుకుంది. విశాఖపట్నం ఆలోచన అలా పుట్టిందే.

తొమ్మిదైనా మెట్ల మీద అలికిడి లేదు. కింద మాత్రం ఒకటే హడావిడి. కింది కొట్లో ఐసు వ్యాపారం చేసే మన్మథరావు వ్యానులోకి దిమ్మల మీద దిమ్మలు ఎక్కిస్తున్నాడు. ఏమిటని సంజయ్ అడిగాడు. అక్కుపల్లి నుంచి ఫోనొచ్చిందట. దిబ్బ మీద తువ్వాలు తిరుగుతోందట.

"ఎప్పుడైనా రెండు సుట్లు తిప్పి ఆపేత్తారు బాబూ. ఈయాల ఆపట్నేదంట. సముద్రం నిండా సేపలే అన్నమాట" అన్నాడు మన్మథరావు, ఇంకో రెండు దిమ్మలు ఎక్కించమని సైగ చేస్తూ.

విశాఖపట్నం పోయేముందు బంగారయ్య భుజం ఒకసారి చూసినట్టూ ఉంటుంది, ఇంటికి నాలుగు కానాగంత చేపలు తెచ్చినట్టూ ఉంటుంది, తిరిగొచ్చి ఫోను చేసుకోవచ్చులే అని సంజయ్ సంచి పట్టుకుని వ్యానెక్కాడు. కూర్చోడానికి ఐసు తప్ప చోటు లేదు.

వీళ్ళు వెళ్ళేసరికి అక్కుపల్లి ఒడ్డు తిరనాళ్ళలా ఉంది. గంపలతో ఆడవాళ్ళు, పక్క ఊళ్ళ నుంచి వచ్చిన ఆటోలు, ఎవరో అప్పుడే పెట్టేసిన టీ బల్ల. ఊరు ఊరంతా వల తాళ్ళు లాగుతోంది. ఎవరో సంజయ్ చేతిలో కూడా ఒక తాడు పెట్టారు. అతను లాగుతూనే ముందువాడికి, నడుం వంచకు, మోకాళ్ళు వంచు అని చెప్పబోయాడు. ముందువాడు వెనక్కి తిరిగి చూసిన చూపుకి, ఆ వైద్యం అక్కడితో ఆపాడు.

వల రావడం వచ్చింది. ఒకటి కాదు, మూడూ కలిసి ఒకే ముద్దగా వచ్చాయి. తువ్వాలు ఉత్తరానికి ఊగితే మూడు పడవలూ ఉత్తరానికి తిరిగాయి, దక్షిణానికి ఊగితే పడుతూ లేస్తూ దక్షిణానికి వచ్చాయి. చివరికి తువ్వాలు గిరగిరా తిరిగి ఎంతకీ ఆగకపోయేసరికి, ఆ కంగారులో ఒకరి వల మీద ఒకరు దింపేశారు. ఆ ముద్దలో ఉన్నవి గంపెడు జెల్లీ చేపలు, ఒక కొబ్బరి డొక్క, ఎవరిదో చెప్పు.

వ్యానులోంచి ఐసు కరిగి నీళ్ళు కారుతున్నాయి. మన్మథరావు దిమ్మల మీద గోనెపట్టా కప్పి, లాభం లేదని మళ్ళీ తీసేశాడు.

దాలమ్మ యువరాజుని పిలిపించింది. అతను నిద్రకళ్ళతో వచ్చాడు. రాత్రి వీడియో చూసి పొద్దెక్కేదాకా పడుకున్నాననీ, దిబ్బ మొహమే చూడలేదనీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. దాలమ్మ అందరూ వినేలా తీర్పు చెప్పేసింది. "ఎవలు ఊపినారో గానీ, ఆడు ఇంక బతికుండగా ఆ దిబ్బ ఎక్కడానికి నేదు."

సరిగ్గా అప్పుడే యువరాజు దిబ్బ వైపు చెయ్యి చూపించాడు. అందరూ అటు తిరిగారు. దిబ్బ మీద బంగారయ్య కళ్ళు మూసుకుని, ముఖం నిండా ప్రశాంతతతో, తువ్వాలు సున్నా చుడుతున్నాడు. వాకిలంతా కోడలు ఎండుచేపలు పరిచేస్తే, డాక్టరు చెప్పిన గాలి కోసం అక్కడికి చేరాడు.

సంజయ్‌కి ఒళ్ళు చల్లబడింది. ఐసు మీద కూర్చుని వచ్చినందుకు మాత్రం కాదు.

బంగారయ్యని కిందికి దింపి, జరిగిందీ, దాలమ్మ తీర్పూ చెవిన వేశారు. వలల ముద్ద చూసి అతను తువ్వాలు వీపు వెనక దాచుకున్నాడు. దాలమ్మ మాత్రం ఇంకా యువరాజు మీదే ఉంది. అంత దూరం నుంచి ఆమెకి కనబడింది తువ్వాలు ఆరేసుకుంటున్న ముసలాడే, అతని మీదికి నెట్టేస్తున్నాడని కోపం. "సెయ్యి లెగనోడి మీదికి తోసేత్తావేటిరా? అన్నా, నువ్వు సెప్పు. నీ సెయ్యి లెగుత్తదా?"

ఇక్కడ వచ్చింది చిక్కు. చెయ్యి లేవదంటే బంగారయ్య తప్పించుకుంటాడు. కానీ లేవని చేతికి దిబ్బ రాదు. లేస్తుందంటే ఊపింది తనే అని తేలిపోతుంది, ఊపినవాడికి దిబ్బ లేనే లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బంగారయ్య దిక్కుతోచక సంజయ్ వైపు చూశాడు. ఊరంతా ఆ చూపు వెంట తిరిగి, చేపల సంచి పట్టుకుని నిలబడ్డ డాక్టరుని చూసింది.

సంజయ్ నోరు మూసుకుంటే సరిపోయేది. ఫోను చేసుకుని హాయిగా విశాఖపట్నం పోయేవాడు. కానీ ఇన్నాళ్ళూ ఏ ఒక్క చెయ్యి లేస్తే చాలని ఎదురు చూశాడో, ఆ చెయ్యి ఎదురుగా ఉంది. చూడకుండా ఉండడం అతని వల్ల కాలేదు.

"ఎత్తండి, బంగారయ్యగారూ" అన్నాడు.

బంగారయ్య ఎత్తాడు. చెయ్యి రొమ్ము దాటింది, భుజం దాటింది, చెవిని ఆనుకుని తిన్నగా ఆకాశంలోకి లేచింది. యువరాజు మావయ్యని చూసి, తను బయటపడ్డ సంగతి మరిచిపోయి నోరు తెరిచాడు. సంజయ్‌కి వలలూ గుర్తులేవు, మన్మథరావు ఐసూ గుర్తులేదు. గబగబా వెళ్ళి ఆ భుజం మీద చెయ్యి వేశాడు.

"నొప్పి ఉందా?"

"నేదు బాబూ" అన్నాడు బంగారయ్య. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి దించకుండానే దాలమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు నాకు రెండు మాటలు సెప్పినావు. సెయ్యి లెగిత్తే దిబ్బ నాదన్నావు. ఊపినోడికి దిబ్బ నేదన్నావు. ముందు సెప్పిన మాట ఏదమ్మా?"

మాట తప్పని మనిషని దాలమ్మకి పేరు. రెండు మాటలూ ఒకేసారి నిలబెట్టుకోవడం ఆమెకీ కొత్తే.

"ముందు మాటే మాట" అంది చివరికి. "ఆ సిక్కు మాత్రం నువ్వూ, నీ డాక్టరూ ఇప్పండి."

మధ్యాహ్నం తిరిగేదాకా ఇద్దరూ కొబ్బరి నీడలో కూర్చుని వలలు విప్పారు. తిట్టడానికి వచ్చినవాళ్ళు తిట్టి ఊరుకోకుండా, ఒకడు నడుం చూపించాడు, ఒకామె మోకాలు చూపించింది. సాయంత్రానికి దాలమ్మే వచ్చి, మెడ ఎడమ వైపుకి తిరగడం లేదని ఎటో చూస్తూ చెప్పింది. సూది ఎవరూ అడగలేదు.

చీకటి పడే వేళకి సంజయ్ ఇల్లు చేరాడు. విశాఖపట్నం ఫోను చేశారా అని రెబెక్కా అడిగింది. మర్చిపోయానన్నాడు. ఆమె అతని వేళ్ళకి అంటుకున్న వల దారం చూసి, "మర్చిపోతారని నాకు తెలుసు" అని బకెట్లో నీళ్ళు తోడింది. ఆ ఫోను మర్నాడూ చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. మెట్ల మీద రోగుల వరస తెమిలితేగా.

కొన్నాళ్ళకి ఆ వరసలోనే బంగారయ్య కనిపించాడు. మళ్ళీ భుజం నొప్పన్నాడు. ఏమైందని అడిగితే బంగారయ్య వాపోయాడు. నిన్న నిజంగానే కవ్వళ్ళ చేపల మంద వచ్చిందట. ఉత్తరానికి ఊపాడు, దక్షిణానికి ఊపాడు, చెయ్యి పడిపోయేదాకా గిరగిరా తిప్పాడు. పడవల్లో కుర్రాళ్ళు కదలలేదు. "మావ కసరత్తు సేత్తన్నాడు, సెయ్యనీండి" అని బీడీలు వెలిగించుకున్నారు. మంద పక్క ఊరి వలల్లో పడింది.

సంజయ్ భుజం నొక్కి చూశాడు. లక్షణంగా ఉంది. కాసేపు ఆలోచించి, బోర్డు కట్టిన నాటి నుంచీ చెయ్యని పని చేశాడు. కాగితం తీసి మందుచీటీ రాశాడు. ఎర్ర తువ్వాలు, ఒకటి. దిబ్బ మీద చేపల కోసం వాడుటకు మాత్రమే, కసరత్తుకు కాదు.

చివరికి తనకీ చీటీ దక్కినందుకు బంగారయ్య మురిసిపోయి, అందులో ఏముందో చదివించుకోకుండానే మందుల షాపుకి వెళ్ళాడు. షాపతను ఆ చీటీ తిప్పి తిప్పి చూసి, ఎదురుగా ఉన్న బట్టల కొట్టు చూపించాడు.