అమావాస్య నాడు ఆడిన మగ్గం

ఆ ఉదయం రాజమల్లు పెట్టుకున్న పని ఒక్కటే, కడుపునిండా తిని పడుకోవడం. కాశిబుగ్గలో వాళ్ల నేత వాడలో అమావాస్య నాడు ఎవరూ మగ్గం ముట్టరు. ముట్టుకుంటే కులపెద్ద యాకయ్య ఊరుకోడు. ఆయనది పక్కిల్లే, నడుమ ఒకటే గోడ.

ఇంజనీరింగు చదివే కూతురు హారిక నిన్ననే మగ్గం గుంజకు ఒక సెన్సర్ అంటించింది. సాలెపురుగు కాళ్ల మీది సన్నని చీలికలను చూసి చేసిన రేకు అది. ఈగ వాలిన అదురును కూడా పసిగట్టి ఆమె ఫోన్‌ను టక్కుమనిపిస్తుంది. "సాలెపురుగు మనోల్లదేనే బిడ్డా" అని రాజమల్లు తెగ మురిసిపోయాడు.

ఆ మురిపెం టిఫిను దాకా కూడా నిలవలేదు. హారిక ఫోన్ టక్కుమంది. ఆగి మళ్లీ టక్కుమంది.

"బాపూ, మగ్గం మీద ఎవలున్నరు?"

వెళ్లి చూస్తే, కాళ్లు పెట్టి నేసే గుంట ఖాళీ. నూలు పోగైనా కదలడం లేదు. ఫోన్‌లో మాత్రం నాలుగు దెబ్బలు, కాస్త విరామం, మళ్లీ నాలుగు. రాజమల్లు ఆ లెక్కను గుర్తుపట్టాడు. నిరుడు ఆ గుంటలోనే నేస్తూ ఒరిగిపోయిన తండ్రి చేతి నడక అచ్చంగా అదే.

భార్య సోమక్క కేకకు వాడంతా పోగైంది. మీసాల నిండా దూదితో యాకయ్యా పరుగెత్తుకొచ్చాడు. ఆయన వీళ్ల గడప తొక్కేసరికి ఫోన్ మూగబోయింది. ఆయన ఇంటికి పోగానే మొదలైంది. పిలిస్తే ఆగింది. ఇలా మూడుసార్లయ్యేసరికి జనం ఆయనకే దండాలు పెట్టారు.

"నన్ను జూసి జడుస్తాండు. మగ్గం మీద పాణం ఇడువలే ముసలాయన. నరికి పొయ్యిల పెట్టున్రి!" అని తీర్పిచ్చి, పనుందంటూ యాకయ్య ఇంటికి పోయాడు.

వాడలోని కుర్రాడు భానుచందర్ గొడ్డలి తెచ్చాడు. రాజమల్లు గుంజను కావలించుకొని బోరుమన్నాడు. "నాకు ఇంకో పని రాదురా! నాయినా, జర ఆగే, నీకు దండం పెడుత!"

నాలుగు దెబ్బలు. విరామం. మళ్లీ నాలుగు. భానుచందర్ గొడ్డలి భుజాన వేసుకొని వెనక్కి జరిగాడు.

హారిక సెన్సర్ ఊడబీకి నేలకు ఆనించింది. చప్పుడు తగ్గింది. నడిమి గోడకు ఆనించింది. ఫోన్ అదిరిపోయింది. ఆ పిల్ల నేరుగా పక్కింటికి నడిచింది. వెనకాలే వాడంతా కదిలింది.

లోపల నడుము లోతు గుంటలో, చెమటలు కక్కుతూ యాకయ్య! చప్పుడు బయటికి పోకుండా మగ్గానికి పాత గొంగడి చుట్టాడు. రేపు పెండ్లివాళ్లకు ఇవ్వాల్సిన జంపఖానా సగంలో ఉంది.



"నాకు నేత నేర్పింది మీ నాయినే గదరా మల్లూ" అన్నాడు యాకయ్య, కళ్లు దించుకొని. "ఆయనే నన్ను పట్టి నేపిస్తాండు."

భానుచందర్ గొడ్డలి భుజం మార్చుకున్నాడు. "మరిప్పుడు ఏ మగ్గం నరకాలె, పెద్దయ్యా?"