పులిహోర పునరావాసం

"ఇందుమూలముగా ఉత్తర టెక్సాస్ తెలుగు ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, కాపెల్ పట్టణంలో దిక్కూమొక్కూ లేకుండా వదిలివేయబడిన ఒక ఉన్నత జాతి మార్జాలాన్ని మన ప్రియతమ అధ్యక్షులు శ్రీ పరంధామయ్య గారు స్వహస్తాలతో రక్షించారు."

ఈ ప్రకటన రాసింది నేనే. కాపెల్ తెలుగు మహాసమాఖ్యకు ప్రచార కార్యదర్శిని. పగలు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకుంటాను. మిగిలిన సమయంలో పరంధామయ్య గారి గురించి రాస్తాను. ఈ రెండో పనిలో తప్పులు పట్టకూడదు.

ప్రకటన వాట్సాప్‌లో పెట్టే సమయానికి రక్షణ ఇంకా జరగలేదు. పరంధామయ్య గారికి ముందుచూపు ఎక్కువ. అమెరికా తెలుగు సంఘాల జాతీయ ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మనిషికి ఆ మాత్రం ఉండాలి.

నిజానికి పిల్లిని మొదట చూసింది సుమతి గారు. ఆవిడది కరీంనగర్. ఇక్కడ ఒక పశువైద్యశాలలో టెక్నీషియన్‌గా చేస్తారు. తను ఉండే అపార్ట్‌మెంట్ల వెనుక, చెత్త డబ్బాల పక్కన ఎవరో పారేసిన ఆఫీసు కుర్చీ కింద ఆ పిల్లి ముడుచుకుని ఉంటే, తువ్వాల్లో చుట్టి ఇంటికి తీసుకెళ్లారు. మర్నాడు మా గ్రూపులో ఫోటో పెట్టి, ఎవరిదో తెలిస్తే చెప్పమన్నారు. రెండు రోజులు ఎవరూ పలకలేదు. ముగ్గురు మాత్రం దండం బొమ్మలు పెట్టారు. మూడో రోజు ఎవరో "ఇది పర్షియన్ క్యాట్ కదా, చాలా కాస్ట్‌లీ" అని రాశారు. గంట తిరగకుండా అధ్యక్షుల వారి నుంచి నాకు ఫోన్.

"ఏమయ్యా, జాతి పిల్లి రోడ్డున పడితే సమాఖ్య గుడ్లప్పగించి చూస్తోందా?"

"సుమతి గారు ఆల్రెడీ ఇంటికి తీసుకెళ్లారండీ."

"ఆవిడ తీసుకెళ్లింది. సమాఖ్య తీసుకెళ్లిందా? రేపు పదింటికి రెస్క్యూ పెట్టు. ఫోటోగ్రాఫర్‌ని పిలు."

మర్నాడు పదింటికి పన్నెండుమంది సభ్యులం పసుపు రంగు టీషర్టులు వేసుకుని చెత్త డబ్బాల దగ్గర బారులు తీరాం. సుమతి గారు పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చారు. ఆవిడ ముఖం అంత ప్రసన్నంగా లేదు.

"సార్, నాలుగు దినాల సంది ఇది నా కాడనే ఉన్నది. మళ్ల చెత్తల పెట్టుమంటరేంది?"

"ఐదు నిమిషాలేనమ్మా. నేను అలా వంగుతాను, ఇలా ఎత్తుకుంటాను. అంతే."

"దానికి పాణం బాగలేదు సార్."

"అందుకే కదమ్మా రక్షిస్తున్నాం!"

పిల్లిని కుర్చీ కింద పెట్టారు. ఫోటోగ్రాఫర్ రెడీ అన్నాడు. సరిగ్గా అప్పుడే ఉపాధ్యక్షుడు దివాకర్ గారు ఆవేశం ఆపుకోలేక "పరంధామయ్య గారి నాయకత్వం వర్ధిల్లాలి!" అన్నారు. పిల్లి పరుగెత్తి అక్కడ ఆపి ఉన్న ఒక కారు కింద దూరింది.

అధ్యక్షుల వారు వెనుకంజ వేసే మనిషి కాదు. కొత్త లాల్చీతోనే తారు రోడ్డు మీద బోర్లా పడుకున్నారు. "రా తల్లీ, భయపడకు, నీకు సమాఖ్య ఉంది" అని కారు కిందికి తలపెట్టి విజ్ఞప్తి చేశారు. పిల్లి ముందు చక్రం దగ్గర నుంచి వెనుక చక్రం దగ్గరకు జరిగింది. ముప్పావుగంట గడిచాక సుమతి గారు మమ్మల్నందరినీ వెనక్కి పొమ్మని, నేలమీద కూర్చుని, వేలికి కాస్త పెరుగు రాసుకుని చెయ్యి చాపారు. పిల్లి మెల్లగా వచ్చి ఆ వేలు నాకి, ఆవిడ అరచేతిలో తల పెట్టింది.

అధ్యక్షుల వారు వెంటనే దాన్ని అందుకుని కెమెరా వైపు తిరిగారు. పిల్లి వారి ముంజేతి మీద నాలుగు గీతలు గీసింది. ఆ ఫోటో కింద నేను "సేవామార్గంలో చిందిన రుధిరం" అని రాశాను. నూటనలభై దండాలు వచ్చాయి.

ఆదివారం దివాకర్ గారి ఇంట్లో మార్జాల పునరావాస ఉపసంఘం సమావేశమైంది. మొదటి అంశం నామకరణం. ఏకగ్రీవంగా రాజ్యలక్ష్మి అని ఖాయం చేశారు.

"అది మగది సార్" అన్నారు సుమతి గారు.

తీర్మానాన్ని సవరించి తెలుగుతేజం అన్నారు. దివాకర్ గారికి ఇంకో అనుమానం వచ్చింది. "పర్షియన్ అంటే ఇరాన్ కదా. ఇమ్మిగ్రేషన్ ప్రాబ్లం ఏమీ రాదు కదా?"

"ఇరాన్ ఏంది సార్, జాతి పేరు గంతే. పుట్టింది ఇక్కడనే, పక్కూరు ప్లేనోల."

"అంటే సిటిజనా?"

గ్రీన్ కార్డు కోసం పన్నెండేళ్లుగా వరసలో ఉన్న ఇద్దరు సభ్యులు ఫోటోలో పిల్లి వైపు ఒకసారి చూసి తలలు దించుకున్నారు.

పుట్టిన ఊరు ఆవిడకెలా తెలిసిందంటే, పిల్లి మెడ దగ్గర చర్మం కింద చిప్ ఉందట. క్లినిక్‌లో స్కాన్ చేస్తే వివరాలు వచ్చాయి. యజమాని పేరు అవినాష్. "ఫోన్ జేస్తే ఆ నంబర్ పని చేస్తలేదు" అన్నారు సుమతి గారు.

"దొరక్కపోవడమే మంచిదమ్మా" అన్నారు పరంధామయ్య గారు. "ఓనర్ దొరికితే మనం పునరావాసం ఎవరికి చేస్తాం?"

తర్వాత దత్తత దరఖాస్తు తయారైంది. పదకొండు పేజీలు. వీసా స్టేటస్, ఇంటి ఫోటోలు, రెండేళ్ల ఉద్యోగానికి ఎంప్లాయర్ ఇచ్చిన లెటర్, గోత్రం. జాతి పిల్లిని ఎవరికి పడితే వారికి ఇచ్చేయలేం కదా. ఈలోగా పిల్లికి తిండి, మందుల సంగతి ఏమిటని సుమతి గారు అడిగారు. అది వచ్చే సమావేశం ఎజెండాలో ఉందని చెప్పాం.

వచ్చే సమావేశం జరగలేదు. కారణం జుట్టు. పిల్లి బొచ్చంతా అట్టలు కట్టి, కింద చర్మం పుండ్లు పడింది. డాక్టరు మొత్తం గొరిగించారు. తల చుట్టూ, తోక చివర మాత్రం కాస్త మిగిలింది. అధ్యక్షుల వారు చూడడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, బోడిగుండు చేయించావు! దీన్ని జాతి పిల్లి అని ఎవడు నమ్ముతాడు?"

"నొప్పికి ఒర్రుతుండె సార్."

"నాకొక మాట చెప్పాల్సింది. నా సన్మానసభ బ్యానర్ ప్రింటింగ్‌కి వెళ్లిపోయింది."

బ్యానర్ మీద అధ్యక్షుల వారి పక్కన మేఘంలా తెల్లటి పిల్లి ఉంది. మనది పసుపు రంగు కదండీ అన్నాను. జాతి ముఖ్యం కానీ రంగు కాదని సెలవిచ్చారు. అంత విశాల హృదయం నేను చూడలేదు.

ఆ నెలన్నర కమిటీ తరఫున సుమతి గారింటికి వెళ్లింది నేనొక్కడినే, అదీ వార్తల కోసం. పిల్లికి రెండు పళ్లు పీకించారు. రోజుకు రెండుసార్లు చర్మానికి మందు రాసేవారు. ఆవిడ చేత్తో పెడితే నాలుగు మెతుకులు తినేది. మిగిలిన సమయమంతా తలుపు వైపు తిరిగి కూర్చునేది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చెవులు నిక్కించేది. అడుగులు పక్కింటికి వెళ్లిపోతే మళ్లీ దించేది. "తెలుగుతేజం అని పిలిస్తే పలుకుతోందా?" అని అడిగాను. ఆవిడ నా వైపు చూసి, మందు డబ్బా మూత తీశారు.

నేను నా ప్రకటనలో "తెలుగుతేజం కోలుకుంటోంది, అధ్యక్షుల వారు నిరంతరం పర్యవేక్షిస్తున్నారు" అని ఫోటోతో సహా రాశాను. అది ఎవరెవరి ఫోన్లలోనో తిరిగి దేశానికి ఆ చివరనున్న రెడ్‌మండ్ చేరింది. సన్మానసభకు రెండు రోజుల ముందు, నేను అక్కడ ఉండగానే, ఒక కుర్రాడు ఎవరినో అడిగి అడ్రసు తెలుసుకుని వచ్చి సుమతి గారి తలుపు కొట్టాడు. ముప్పై ఏళ్లుంటాయి. భుజాన ఖాళీ పెట్ బ్యాగు.

"నా పేరు అవినాష్ అండీ. ఫోటోలో చెవికి చిన్న చీలిక చూశాను. మా పులిహోర..."

అతను మాట పూర్తి చేయలేదు. సోఫా కింద నుంచి పిల్లి బయటికి వచ్చింది. ఆ పేరు వినడంతోటే గొంతులోంచి నేనెన్నడూ వినని కూత తీస్తూ అతని కాళ్ల మధ్య దూరింది, షూ కొరికింది, ప్యాంటు పట్టుకుని పైకి పాకింది. అతను అక్కడే నేలమీద కూలబడి, బోడి పిల్లిని గుండెలకు అదుముకుని "సారీ రా, సారీ రా" అంటూ ఉండిపోయాడు. సుమతి గారు కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

తర్వాత చెప్పాడు. "ప్రాజెక్ట్ అయిపోయిందని జాబ్ తీసేశారండీ. కంపెనీ ఫోన్ కూడా కట్ చేశారు. అరవై రోజుల్లో ఇంకో జాబ్ దొరక్కపోతే కంట్రీ వదిలి వెళ్లిపోవాలి. రెడ్‌మండ్‌లో ఫ్రెండ్ రూమ్‌లో ఉండి ట్రై చేశా. అక్కడ పెట్స్ అలౌ చేయరు. ఇక్కడ రూమ్మేట్ చూసుకుంటానన్నాడు. రోజూ ఫోటో పంపేవాడు. అన్నీ పాత ఫోటోలని తర్వాత తెలిసింది."

"ఇప్పుడు?"

"అక్కడే జాబ్ వచ్చిందండీ. సోమవారం జాయినింగ్. పెట్స్ అలౌ చేసే అపార్ట్‌మెంట్ తీసుకున్నా. రేపు రాత్రికి ఫ్లైట్."

నిబంధనల ప్రకారం దరఖాస్తు నింపించి అతన్ని అధ్యక్షుల వారి ఆఫీసుకు తీసుకెళ్లాను. సుమతి గారు కూడా వచ్చారు. పరంధామయ్య గారు అంతా సానుభూతితో విని దరఖాస్తు తిరగేశారు.

"బాగుంది బాబూ. ఎంప్లాయర్ లెటర్ ఏదీ?"

"జాబ్ పోయినప్పటి నుంచి ఏడుసార్లు మెయిల్ పెట్టాను సార్. ఇవ్వలేదు."

"ఇవ్వకపోవడం ఏంటయ్యా, అన్యాయం! ఎవడా ఎంప్లాయర్?"

"మీరే సార్. నాలుగేళ్లు మీ కంపెనీలోనే చేశాను."

పరంధామయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడు బాబూ, కంపెనీ వేరు, సమాఖ్య వేరు. సమాఖ్య అధ్యక్షుడిగా నేను కంపెనీ పాలసీలో జోక్యం చేసుకుంటే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ అవుతుంది. అలాంటి మచ్చ ఇంతవరకు నామీద లేదు. పైగా శనివారం సన్మానం. పిల్లి లేకుండా సభ ఎలా?"

"సార్, అది నాది."

"ఇప్పుడది జాతిది" అన్నారు, చేతులు జోడించి.

మర్నాడు సాయంత్రం సభ కోసం సుమతి గారింటికి పిల్లి బుట్ట తీసుకురావడానికి వెళ్లాను. అవినాష్ అక్కడే ఉన్నాడు. ఆవిడ నాతో, "మీరు జర గా గోడ మీది క్యాలెండర్ చూడుండ్రి" అన్నారు. చూశాను. మంచి క్యాలెండర్, పన్నెండు నెలలూ ఉన్నాయి. నేను సెప్టెంబరులో ఉండగా ఆవిడ గొంతు వినబడింది. "మందు పొద్దుగాల, మాపటికి. మర్చిపోకు తమ్మీ." అతను "అలాగే అక్కా" అన్నాడు. తలుపు మూసిన చప్పుడయ్యింది. డిసెంబరు దాకా చూసి ఇటు తిరిగాను. ఆవిడ మంచినీళ్ల గిన్నె కడుగుతున్నారు. అదివరకే కడిగి ఉన్న గిన్నె.

బుట్ట మీద పట్టుబట్ట కప్పి ఇచ్చారు. తీసుకెళ్లాను. తేలిగ్గా ఉంది.

శనివారం సభలో నాలుగువందల మంది. అధ్యక్షుల వారికి మార్జాల బాంధవ బిరుదు ప్రదానం చేశారు. బుట్టకు దండ వేశారు. ముఖ్య అతిథిగా వచ్చిన అమెరికన్ మహిళ, నగర మండలికి పోటీ చేస్తున్నావిడ, నమస్కారం అని చెప్పి పిల్లిని చూడవచ్చా అని ముచ్చటపడ్డారు. పరంధామయ్య గారు పట్టుబట్ట కొంచెం ఎత్తి లోపలికి చూశారు. మూడు సెకన్లు చూశారు. మెల్లగా బట్ట దించి, మైకు దగ్గరకు వచ్చి, చూపుడువేలు పెదవుల మీద పెట్టారు.

"నిద్రపోతోంది" అన్నారు గద్గద స్వరంతో. "ఎన్ని నెలల తర్వాతో, నిశ్చింతగా నిద్రపోతోంది."

హాలంతా లేచి నిలబడి, చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టింది. ఆ ఉద్వేగంలోనే తెలుగుతేజాన్ని తానే దత్తత తీసుకుంటున్నట్లు ఆయన ప్రకటించారు. దరఖాస్తులో పదకొండు పేజీలూ సక్రమంగా ఉన్నాయని దివాకర్ గారు ధ్రువీకరించారు. తర్వాత జాతీయ ఎన్నికల్లో పరంధామయ్య గారు భారీ మెజారిటీతో గెలిచారు.

మొన్న ఆ విజయం సందర్భంగా కార్యవర్గాన్నంతా ఇంటికి భోజనానికి పిలిచారు. పిల్లి ఎలా ఉందని ఎవరో అడిగారు. బాగా సెటిల్ అయిందనీ, పైగదిలో పడుకుందనీ ఆయన శ్రీమతి ఛాయాదేవి గారు చెప్పారు.

భోజనాలు అయ్యేదాకా అందరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.