శ్రీ వెంకటరాయప్ప ఉదరప్రక్షాళన విజయము

నిత్యనురుగుమండితమగు బెళ్ళందూరు తటాకమునకు అనతిదూరమున, నిరంతర వాహనఘోషాకులితమగు సర్జాపుర రాజమార్గ పార్శ్వమున, క్రీస్తుశకము రెండువేల ఆరవ వత్సరమున, సిమెంటు బస్తాల నడుమ సింహాసనాసీనుడై, మేకులను కిలోలలోను మాటలను గ్రాములలోను తూచి ఇచ్చు హార్డ్‌వేరు అంగడి సార్వభౌముడు వెంకటరాయప్ప ఏ మహాసంగ్రామమునకు కంకణము కట్టెనో, సావధానచిత్తులై ఆలకింపుడు!

మలములో నెత్తురు కనబడిన నాటినుండి ఆ ధీరుని గుండె జారిపోయి ఉండెను. తండ్రి పేగు కాన్సరుతో పోయినాడు. తనకూ అదేనేమోనని భయము. ఆ భయము భార్య చెన్నమ్మకు చెప్పలేదు. చెప్పకయే ఆమెకు తెలియును. మరునాటి ఉదయము డాక్టరు ఫాతిమా పేగులోనికి కెమెరా పంపి చూడనున్నది. అందాక లోపల లవలేశమైనను మిగలరాదు. మిగిలెనా, కథ మొదటికి వచ్చును. "అన్నం వద్దు, తేటగా ఉండేవి మాత్రం తాగచ్చు" అని ఆమె ఆజ్ఞ.

అంతట నట్టింట యుద్ధమంత్రాంగము కొలువుదీరెను. చందాపురమునుండి ఆముదపుసీసాను గదాదండమువలె ధరించి వచ్చిన మామ అశ్వత్థప్ప గర్జించెను:

"ఏమప్పా అల్లుడా! మా నాయన కాలం నుంచి ఈ ఆముదం ముందర నిలబడిన కడుపు ఒకటన్నా ఉండాదా? ఇంత తాగు, తెల్లారేతలికి లోపలంతా అద్దం మాదిరి అవుతాది!"

మేడమీద అద్దెకుండు సాఫ్ట్‌వేర్ యోధుడు స్టాన్లీ, గతవత్సరమే ఈ పరీక్షాసాగరమును దాటినవాడు, అడ్డుతగిలెను. "ఆయిల్ ఓల్డ్ మెథడ్ తాతా! అంకుల్, నేను చిన్న బాటిల్ ఉప్పుమందు వేసుకున్నా. రెండు గుక్కలు, మ్యాటర్ క్లోజ్!"

"ఉప్పుమందు బీపీ ఉండేవాళ్ళకి కూడదని డాక్టరమ్మ చెప్పింది. ఆముదం తాగితే కడుపు మెలిపెడతాది" అని చెన్నమ్మ ఇరుపక్షములను ఒక్కవేటున ఖండించెను. "డాక్టరమ్మ ఇచ్చిన పౌడరే. రెండు లీటర్ల నీళ్ళలో నేను కలిపిస్తా, మీరు తాగాల. అంతే!"

ఆ తీర్పుపై అప్పీలు లేదు. ఆముదము అలమర ఎక్కెను.

అటుపిమ్మట నిమ్మతొక్క నానిన ఉప్పునీటి రుచిగల ఆ ద్రవమును గ్లాసు వెనుక గ్లాసుగా కబళించుచు, కడుపులో రథచక్రములు దొర్లుచుండ, పంచె ఒకచేతను గోడ ఒకచేతను పట్టి, మరుగుదొడ్డి దిక్కునకు దండయాత్రపై దండయాత్ర సాగించి, తుదిగ్లాసునెత్తి వెంకటరాయప్ప ఇట్లు పలికెను: "ఓరీ లవణోదకాధమా! ఇన్నేండ్లు సిమెంటు ధూళిని మ్రింగి జీర్ణించుకొన్నవాడను, నీకు వెరతునా?" వెరచెను గాని త్రాగెను.

"నా ఆముదమైతే ఈపాటికి అయిపోయుండు" అని తలుపు బయట మామ.

తోటకూరకాడవలె వాలిన మగని చూడజాలక చెన్నమ్మ చారు కాచి, తేరనిచ్చి, పైతేట వంచి తెచ్చెను. "తేటే కదండీ, తాగండి. డాక్టరమ్మే తాగమనింది." తేట తేటయే. కాని తిరగవాత వేయని చారును కట్టుకున్నవానికి పోయుటకు ఏ ఇల్లాలికి చేతులు వచ్చును?

మరునాడు మత్తు సగమే ఎక్కిన వెంకటరాయప్ప తెరపై తన అంతరంగమును తానే చూచుచుండెను. గులాబీవర్ణము, నిర్మలము. "చాలా క్లీన్‌గా ఉంది" అని ఫాతిమా మెచ్చుకొనెను. మెచ్చుకొనుచునే ఆగిపోయెను.

తెరపై నల్లని చుక్క! గుండ్రనిది, మెరయుచున్నది. ఆ వీరునకు ఆసుపత్రి మంచముపై నాయన చివరి ముఖము కనబడెను. కండ్లు మూసికొనెను.

ఫాతిమా నీటిధారను వదలెను. చుక్క కదలెను, పల్టీకొట్టెను, దొర్లుకొనుచు పోయెను. ఆమె నవ్వెను. "వెంకటరాయప్ప గారూ! ఇది ఆవగింజ! నిన్న ఏం తిన్నారు?"

"చారు… తేటే మేడమ్."

"తేటలోకి ఆవాలు ఎలా వచ్చాయండీ? సరే, నెత్తురు మొలల వల్లే. ఇంకేమీ లేదు. భయపడకండి."

బయట నిలుచున్న చెన్నమ్మతో ఆయన అనెను: "లోపల ఏమీ లేదంట. నీ తిరగవాత ఒకటే ఉండాదంట." ఆమె కొంగు నోట కుక్కుకొని ఏడ్చెను, ఏడ్చుచునే నవ్వెను. "ఆముదం తాగింటే అదీ పోయుండు" అని అశ్వత్థప్ప.

ఇట్లు సమస్త శత్రుసేనను నిర్మూలించి, ఒక్క ఆవగింజను మాత్రము ప్రాణములతో విడిచిన కరుణాళువు వెంకటరాయప్ప, జయజయధ్వానముల నడుమ ఆటోలో ఇల్లు చేరి, మిగిలిన ఆ చారునే, ఆవాలతో సహా, అన్నములో పోయించుకొని తృప్తిగా తినెను.