నలభై ఆరు అంగుళాల రుజువు

మనిషి ఒట్టి చేతులతో వస్తాడు, ఒట్టి చేతులతో పోతాడు. మధ్యలో ఆ చేతులు ఒట్టివేనని రుజువు చెయ్యాలంటే మాత్రం ఏడు కాపీలు కావాలి.

మన టైలర్ ఏడూ ఇచ్చాడు. దివాలా మంజూరైంది. దివాలాలో ఉన్నంతకాలం అతని కుట్టుమిషన్‌ని అప్పులవాళ్ళెవరూ ముట్టుకోకూడదు. (మొగుడి మొహంలో ఇంత కళ ఎప్పుడూ చూళ్ళేదని పెళ్ళామే అంది.)

కానీ దివాలా ఆఫీసు తయారుచేసిన అప్పుల లిస్టులో తనకే తెలియని అప్పొకటి! షాపు ముందు నిలబెట్టడానికి నిలువెత్తు బొమ్మ ఇచ్చామనీ, వడ్డీతో అరవై వేలు రావాలనీ బొమ్మల కంపెనీ రాయించుకుంది. అది నిలబడితే అందరికంటే పెద్ద అప్పు వాళ్ళదే. మిగతావాళ్ళు ముట్టుకోకూడదు గానీ, పెద్ద అప్పువాడు అడిగితే మాత్రం మిషన్ అమ్మెయ్యొచ్చని ఇంకో రూలు. టైలర్ ఆఫీసుకి పరుగెత్తాడు.

వివాదాస్పద రుణాల ఉప నిర్ధారణాధికారి చల్లగా అడిగాడు. "రాలేదంటున్న బొమ్మని తెచ్చారా?"

"రాలేదు కదండీ!"

"సాక్ష్యం తేలేదు, రాసుకోండి."

కంపెనీ గుమస్తా ఓ కాగితం తీశాడు. రెండేళ్ళ కిందట టైలర్‌కి చూపించి తిరిగి పట్టుకెళ్ళిన ధరల చీటీ, వెనక అతని చేతిరాత: ఛాతీ 42, నడుము 46. "బొమ్మ అందింది, కొలతలు కూడా తీసుకున్నాడు సార్."

ఖాళీ కాగితం కనపడితే కొలతలు రాసెయ్యడం టైలర్ జబ్బు. (కరెంటు బిల్లు మీద ఇప్పటికీ ఎవరివో భుజాలున్నాయి.)

"అది బొమ్మ కాదండీ, మా బావ!"

బావగార్ని పిలిపించారు. పదేళ్ళుగా తన నడుము ముప్పై ఎనిమిదేనని చెప్పుకు తిరుగుతున్న మనిషి.

"బావా, ఒక్కసారి చొక్కా ఎత్తవా. నా మిషన్ పోతుంది."

"నోర్ముయ్ రా! మీ అక్కకే చెప్పలేదు నిజం."

"అక్కకి తెలుసు బావా. ప్యాంట్లు వదులు చెయ్యమని పంపేది అక్కేగా!"

బావగారు కళ్ళు మూసుకుని చొక్కా ఎత్తారు. టైలర్ టేపు చెల్లదు కాబట్టి ప్రభుత్వ టేపు తెప్పించారు. ఇద్దరు ప్యూన్లు చెరోవైపు నుంచి బయల్దేరి వీపు దగ్గర కలుసుకున్నారు.

"నలభై ఎనిమిది సార్!"

"రెండు ఎక్కువున్నాయే?"

"అది ఈ రెండేళ్ళ వడ్డీ అండీ," అన్నాడు టైలర్.

"సబబే," అని అధికారి రాసుకున్నాడు. గుమస్తా వైపు తిరిగాడు. "ఛాతీ కంటే ముందు నడిచే పొట్ట ఉన్న బొమ్మ మీ దగ్గరుందా?"

"లే... లేదు సార్."

"అప్పు రుజువు కాలేదు. కొట్టేశాం."

టైలర్ ఎగిరి గంతేశాడు. బావని వాటేసుకోబోయాడు, చేతులు అందలేదు.

అధికారి అరవై వేలు తీసేసి మొత్తం మళ్ళీ కూడాడు. "దివాలాకి కనీసం రెండు లక్షల అప్పుండాలి. మీకు పన్నెండు వేలు తక్కువైంది. దివాలా రద్దు."

"మరి నా మిషనండీ?"

"మిగతా అప్పులవాళ్ళు దానికోసమే మీ షాపుకి బయల్దేరారు. మీరు త్వరగా ఓ పన్నెండు వేలు ఎక్కడైనా అప్పు చేసుకు రండి. ఈసారి మాత్రం కాదనకండి."