ఆర్డిస్‌కు రావలసిన అల్మారా

అన్యాయం జరిగింది ఎవరికి? ఆర్డిస్ స్కోగ్లండ్‌కు. చేసినది ఎవరు? చర్చిలో అందరి ఎదుట ఆమె చేయి పట్టుకున్న భర్త మెర్ల్. ఏమిటా అన్యాయం? కారు వెనక తగిలించుకుని సెలవులకు వెళ్లే వారి చిన్న ట్రైలరు ఇంట్లో బట్టలు తగిలించుకోవడానికి నిలువెత్తు అల్మారా ఒక్కటే ఉంది. ట్రైలరు కొన్న రోజే మెర్ల్ అందులో తన గేలపు కర్రలన్నీ నిలబెట్టి, "వచ్చే వేసవి దాకానే, ఆర్డిస్" అన్నాడు. ఆ వచ్చే వేసవి పదకొండేళ్లుగా వస్తూనే ఉంది.

అన్నేళ్లూ ఆర్డిస్ బట్టలు ఒక సంచిలో ఇరుక్కుని, ట్రైలరు స్నానపు గదిలో కాపురం చేశాయి. ఆ సంచిలోంచి తీసిన గౌనుతోనే ఆమె ఒకసారి ఆడపడుచు జెనీవ్ పెళ్లిరోజు విందుకు వెళ్లింది. ఆనాటి ఫొటోలో ఆమె నలిపి పారేసిన కాగితపు పొట్లంలా ఉంది. జెనీవ్ ఆ ఫొటోను తన ఫ్రిజ్ తలుపుకు అంటించి ఇంతవరకూ తీయలేదు.

ఈ శనివారం సాయంత్రం సరస్సు ఒడ్డున జెనీవ్ కూతురి పెళ్లి. ఆర్డిస్ అందరి ముందు నిలబడి కీర్తన పాడాలి. అందుకని ఆమె తన నీలం గౌనును ఇస్త్రీ చేసి, దారి పొడుగునా పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని క్యాంపు స్థలానికి తెచ్చింది.

"ఇవాళ నాకు అల్మారా కావాలి, మెర్ల్" అంది, కాఫీ కప్పు కింద పెట్టి.

"అల్మారా ఎందుకు? దాని తాత లాంటిది చేసిపెడతాగా! మంచం పైన ఈ గోడ నుంచి ఆ గోడకి స్ప్రింగు కడ్డీ బిగిస్తాను. కింద రెండు అరలు. నువ్వు స్నానం చేసి వచ్చేలోపు అయిపోతుంది."

"గేలాలు తీసి బయట పెడితే ఇంకా ముందే అయిపోతుంది."

"అవి సున్నితమైనవి, ఆర్డిస్. తేమ పడదు."

"నా బట్టలకి పడుతుందన్నమాట!" అని తువ్వాలు భుజాన వేసుకుని, ఆమె క్యాంపు స్నానశాలకు బయలుదేరింది; ట్రైలరు స్నానపు గదిలో సంచికే చోటు సరిపోయింది. గుమ్మంలో ఆగి, "గౌను జాగ్రత్త" అంది.

మెర్ల్ జాగ్రత్త పడ్డాడు. ట్రైలరులో తిరగడానికి చోటు లేదు గనుక గిన్నెలు, దుప్పట్లు, కుర్చీలు అన్నీ బయటి బల్ల మీదికి చేర్చాడు. రెండు పైన్ చెట్ల మధ్య తాడు కట్టి, తన సూటుతో సహా బట్టలన్నీ హ్యాంగర్లకు తగిలించాడు. అన్నిటికంటే విలువైనది గనుక నీలం గౌనును అన్నిటికంటే ముందు, బాటవైపుకు తగిలించాడు.

జూన్ నెల, శనివారం ఉదయం, చెట్టుకు బట్టలు, బల్ల మీద గిన్నెలు. ఆ ప్రాంతంలో దీనికి అర్థం ఒక్కటే. పక్క ట్రైలరు లవాన్ కాఫీ కప్పుతో వచ్చి నిలబడింది.

"పాత సామాన్ల అమ్మకం పెట్టారా! చెప్పనే లేదేమండీ! ఈ గిన్నె ఎంత బావుందో!"

ఎదుటి మనిషితో 'మీరు పొరబడ్డారు' అని ముఖం మీద అనడం అక్కడ దొంగతనం కంటే ఒక మెట్టు పెద్ద నేరం. మెర్ల్ ఆ నేరం ఎన్నడూ చేసి ఎరగడు.

"అబ్బే, అదేం లేదు... అంటే... నచ్చితే పట్టుకెళ్లండి" అన్నాడు.

లవాన్ బల్ల మీదున్న ఖాళీ కాఫీ డబ్బాలో చిల్లర వేసి, గిన్నెతో వెళ్లి, దారిలో కనబడిన ప్రతివారికీ చెప్పింది. అంతటితో ఊరుకోక, మెర్ల్‌కు సాయం చేద్దామని అట్టముక్క మీద బాణం గుర్తు వేసి మలుపు దగ్గర కట్టింది.

లోపల కడ్డీ జారుతోంది. మెర్ల్ ఇంకాస్త బిగించాడు. పలుచటి గోడ ఉబ్బింది. మరికాస్త బిగించాడు. ఆ గోడకున్న అల్మారా తలుపు బందుతో సహా ఊడివచ్చి, అందులోని గేలాలన్నీ అతని నెత్తిన కురిశాయి. వేరే దారి లేక వాటిని కూడా బయటికి మోసి ట్రైలరుకు ఆనించాడు. బయట ఎవరేమి అడిగినా, కిటికీలోంచి తల బయటపెట్టి, "చూడండి, పర్లేదు, చూడండి" అంటున్నాడు.

స్నానపు అంగీ తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని తిరిగివస్తున్న ఆర్డిస్‌కు దారిలో గిన్నె పట్టుకుని ఒకామె ఎదురైంది.

"గిన్నె బావుందండీ. మా ఇంట్లోనూ అచ్చం ఇలాంటిదే ఉంది" అంది ఆర్డిస్, మర్యాదకు.

తరువాత తన కుర్చీ ఎదురైంది. ఆ తరువాత తన దుప్పటి. అప్పటికి ఆమె నడక పరుగైంది. తాడు మీద ఖాళీ హ్యాంగర్లు గాలికి ఊగుతున్నాయి.

"నా గౌనేది, మెర్ల్?"

"ఎర్రటోపీ ఆవిడ పట్టుకెళ్లింది. చాలా మంచావిడ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వద్దని చెప్పలేకపోయావా?"

"ఆవిడ అంత సంతోషపడుతుంటే ఎట్లా చెప్పను? నా సూటు కూడా పోయింది, ఆర్డిస్. ఎవరికీ వద్దనలేకపోయాను."

"నాకు మాత్రం పదకొండేళ్లు వద్దనగలిగావు!"

సరిగ్గా అప్పుడే ఎర్రటోపీ ఆవిడ భర్తతో తిరిగివచ్చింది. చేతిలో నీలం గౌను.

"ఏమీ అనుకోకండి. జిప్పు పైకి రాలేదు. దీనికి బదులు ఆ గేలాలు ఇస్తారా? ఈయన ఇందాకట్నుంచీ వాటినే చూస్తున్నారు. చెప్పడానికి మొహమాటం."

"తొందరేం లేదు, మీకు ఇబ్బందైతే వద్దు" అన్నాడు ఆ భర్త, ఒక కర్రను అప్పటికే చేతిలోకి తీసుకుని.

మెర్ల్ గౌను వైపు చూశాడు. గేలాల వైపు చూశాడు. తడి జుట్టుతో, ఏమీ అడగకుండా నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆమె అడగకపోవడమే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. ఎవరూ తొందరపెట్టకుండానే ఒక్కొక్క కర్రా తుడిచి అందించాడు. చివరిది అతని తండ్రి ఇచ్చింది. దాన్ని కూడా అందించబోయాడు.

"అదొక్కటీ ఉంచుకో. మంచం కింద పెట్టుకో" అంది ఆర్డిస్. ఆమె కోరింది న్యాయమే గాని కసి కాదు.

తలుపు లేని అల్మారాలో నీలం గౌను మధ్యాహ్నమంతా ఒంటరిగా, ఠీవిగా వేలాడింది.

సాయంత్రం ఆర్డిస్ సరస్సు ఒడ్డున నిలబడి కీర్తన పాడింది. గౌను మీద ఒక్క మడత లేదు. పక్కన మెర్ల్, స్నానపు గదిలోని సంచి అడుగున మిగిలిన తన ఒకే ఒక ప్యాంటు తొడుక్కుని, నలిపి పారేసిన కాగితపు పొట్లంలా నిలబడ్డాడు. జెనీవ్ ఫొటో తీసింది.

"వదినా, నువ్వు మెరిసిపోతున్నావు! మా అన్నయ్యకేమైంది?"

"ఏం కాలేదు. సామాను సర్దుకున్నాం" అంది ఆర్డిస్.

ఆ వారమే జెనీవ్ ఫ్రిజ్ మీది పాత ఫొటో దిగిపోయి, ఈ కొత్తది ఎక్కింది. పదకొండేళ్ల బాకీ పూర్తిగా చెల్లింది.

ఇప్పుడు అల్మారా నిండా ఆర్డిస్ కొత్త గౌన్లే. మెర్ల్ బట్టలు సంచిలో, స్నానపు గదిలో ఉంటున్నాయి. వచ్చే వేసవి దాకానే.